దొరకని దొరలు, రాయని పేర్లు

ఆత్రేయపురం చుట్టుపక్కల సంఘాలకు వాక్యపరిచర్యకు వెళ్లినప్పుడు, ఆరాధన ముగిశాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారండీ, మా మామ్మ చెప్పేదండి. మా తాతగారి తాత ఆనకట్ట కట్టిన దొరగారి కొడుకంట. అది నిజమో కాదో ఇప్పుడు తెలుసుకోవచ్చాండి?" కొందరు ఈ మాటను పొంగిపోతూ అడుగుతారు. కొందరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడుగుతారు. ఇంకొందరి ప్రశ్న కాస్త వేరు: "మన పెద్దలకు సువార్త చెప్పిన ఆ దొరలది ఇంగ్లండులో ఏ ఊరండి? వాళ్లవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారండి?"

రెండు ప్రశ్నలకూ వెతకవలసిన చోటు ఒకటే. పాత చర్చి రిజిస్టర్లు, పాత జనాభా లెక్కలు. ఈ రిజిస్టర్లు ఎలా పుట్టాయో, వాటిలో ఎవరు పడతారో, ఎవరు జారిపోతారో తెలియకపోతే మాత్రం ఇంటర్నెట్‌లో నెలల తరబడి వెతికినా చేతికి ఏమీ రాదు.

పేరు పుస్తకంలో లేకపోవడం చిన్న సంగతి కాదని బైబిలు చదివేవారికి చెప్పనక్కర్లేదు. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో, చెరనుంచి తిరిగి వచ్చిన కొన్ని యాజక కుటుంబాలవారు వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెదుక్కున్నారు. కనబడలేదు. అంతటితో వారిని యాజకత్వం నుంచి పక్కనపెట్టారు. వారు అబద్ధం చెప్పారని అక్కడ ఎక్కడా లేదు. పుస్తకంలో లేరు, అంతే.

ముందు తేల్చుకోవలసింది ఏ దొర అని. మన గోదావరి మాటలో దొర అంటే ఇంగ్లీషువాడే కానక్కర్లేదు. టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన ప్రతివాడూ దొరే. ఆనకట్టకు ముందే ఈ డెల్టాలో తెల్లవారి వర్తకపు కొఠీలు ఉన్నాయి. ఇంజరంలో, బండమూర్లంకలో, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు, పాలకొల్లులో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు. తరువాత 1836లో సువార్తికులు వచ్చారు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని నడిచింది. దాని నాలుగు భాగాలలో ఒకదానికి మన ర్యాలి పేరే ఉంది. బొబ్బర్లంక దగ్గర లోపలికి వచ్చిన నీరు లొల్ల లాకుల దగ్గర కాలువలుగా చీలి కోనసీమకంతా పోతుంది. ఈ పనుల కోసం ఇంజినీర్లతోపాటు సిపాయిలు, ఓవర్సీర్లు, మద్రాసు నుంచి వచ్చిన యూరేషియన్ ఉద్యోగులు కూడా ఇక్కడ ఉన్నారు. అందుచేత "ఆనకట్ట దొర" అన్న మాట పట్టుకుని నేరుగా కాటన్ దొరగారి దగ్గరికి పోకూడదు. మామ్మ చెప్పిన మాటలో సంవత్సరం ఉందా, పని ఉందా, ఊరు ఉందా అని చూడాలి. యానాం వైపు కథైతే అసలు ఇంగ్లీషు పుస్తకాలు పనికిరావు. ఆ ఊరి పాత జనన మరణ వివాహ పత్రాలు ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్ పట్టణపు ప్రభుత్వ భాండాగారంలో ఉన్నాయి.

ఇక ఇంగ్లండు పుస్తకాల సంగతి. 1538లో, ఎనిమిదో హెన్రీ కాలంలో, రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఆజ్ఞ జారీచేశాడు. ప్రతి పారిష్‌లోను, అంటే ఒక గుడి పరిధిలోని ఊళ్లన్నిటికీ, గుడి ఫాదర్ ఒక పుస్తకం పెట్టి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాయాలి. మొదట్లో విడి కాగితాలమీద రాసినవి చాలా పోయాయి. 1598లో ఎలిజబెత్ రాణి కాలంలో రెండు మార్పులు వచ్చాయి. కాగితం బదులు తోలు పత్రాలమీద రాయాలి. రాసిన ప్రతి పేరునూ ఏటేటా ఇంకో ప్రతి తీసి బిషప్‌గారి కార్యాలయానికి పంపాలి. ఈ రెండో ఏర్పాటును పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి శతాబ్దాలలో గుడి తగలబడినా, వరదొచ్చినా, ఎలుకలు కొట్టినా, బిషప్ దగ్గరున్న ప్రతిలో ఆ పేర్లు మిగిలిన పారిష్‌లు ఎన్నో.

1813 నుంచి బాప్తిస్మానికి అచ్చు ఫారాలు వచ్చాయి. అందులో తండ్రి పని ఏమిటో, ఉన్న ఊరేదో రాసే గళ్లు ఉన్నాయి. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. జనాభా లెక్కలు 1801 నుంచే ఉన్నా, దేశమంతటా పేరుపేరునా దాచినది 1841 లెక్క. అందులో పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు. ముప్పయ్యి నాలుగేళ్లవాడు ముప్పయ్యిగా కనిపిస్తాడు. పుట్టిన ఊరు రాయలేదు, అదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నది మాత్రమే రాశారు. 1851 లెక్కనుంచి పుట్టిన పారిష్, ఇంటి పెద్దకు ఏమవుతారు అన్నవి వచ్చాయి. నూరేళ్లు నిండాకే ఈ లెక్కలను జనానికి చూపిస్తారు. 1921 లెక్క 2022లో బయటికి వచ్చింది. ఆ తరువాతి 1931 లెక్క 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1941లో యుద్ధంవల్ల అసలు లెక్కే తీయలేదు.

ఇప్పుడు మన డెల్టాకు వచ్చిన ఇద్దరిని ఈ పుస్తకాలలో వెదికి చూద్దాం. విలియం బౌడెన్, జార్జి బీర్. నైరుతి ఇంగ్లండులో డెవన్ కౌంటీలోని బార్న్‌స్టేపుల్ పట్టణపు సహవాసంనుంచి వచ్చినవారు. ఒకరు రాతిపని చేసేవారు, ఒకరు చెప్పులు కుట్టేవారు. బాగ్దాదులో పరిచర్య చేసిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌గారి వెంట భార్యలతో సహా 1836లో మద్రాసు చేరి, అక్కడినుంచి గోదావరి జిల్లాలకు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అని మనం పిలిచే సహవాసాలకు మూలపురుషులు వీరే. వారి పిల్లలూ ఇక్కడే పరిచర్య చేశారు.

తేదీలు చూడండి. వారు ఓడ ఎక్కింది 1836. ప్రభుత్వ నమోదు మొదలైంది 1837. పేర్లున్న మొదటి జనాభా లెక్క 1841. వారు వయసులో ఉండి ఇంగ్లండులో గడిపిన రోజులన్నీ ఈ రెండు పుస్తకాలూ తెరవకముందే అయిపోయాయి. ఇక మిగిలింది పారిష్ రిజిస్టరు. అక్కడ ఇంకో చిక్కు. సహవాసాలవారు పెద్దయ్యాక, విశ్వసించాక బాప్తిస్మం తీసుకుంటారు. ఆ బాప్తిస్మం పారిష్ పుస్తకంలోకి ఎక్కదు. చిన్ననాడు తల్లిదండ్రులు పారిష్ గుడిలో తీయించిన బాప్తిస్మం ఉంటే అది ఉంటుంది. తల్లిదండ్రులు వేరే చాపెల్‌కు వెళ్లేవారైతే ఆ చాపెల్ పుస్తకం చూడాలి. అలాంటి పుస్తకాలను 1837 తరువాత ప్రభుత్వం పోగుచేయించింది. ఇప్పుడవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పెళ్లి విషయంలో మాత్రం చట్టమే మనకు సాయం చేస్తుంది. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప మిగిలినవారందరూ, ఏ చాపెల్‌వారైనా సరే, పారిష్ గుడిలోనే పెళ్లి చేసుకోవాలి. కనుక 1836కు ముందు పెళ్లయిన ఏ సహవాసపు దంపతులనైనా ముందు వెదకవలసింది ఆ గుడి పెళ్లి పుస్తకంలో.

అక్కడా తేలిక కాదు. డెవన్‌లో బౌడెన్‌లు, బీర్‌లు మన దగ్గర సత్యనారాయణలంత మంది. రాసే గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు కనుక ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉంటుంది. అందుకే పని రాసే గడి అంత ముఖ్యం. రాతిపని బౌడెన్‌ను రైతు బౌడెన్ నుంచి వేరు చేసేది అదే. సాధారణంగా ఇలాంటి చిక్కుముడిని విప్పేది వీలునామా. కాని డెవన్ వీలునామాలు ఎక్సెటర్ పట్టణంలో ఉండేవి. 1942 మే నెలలో జర్మన్ బాంబులకు ఆ కార్యాలయం కాలిపోయింది. వేలాది డెవన్ కుటుంబాల వంశవృక్షాలలో ఆ రాత్రి పడిన ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

అయినా వీరిద్దరూ మనకు పోలేదు. కారణం ఉత్తరాలు. సహవాసాలవారు తమ మిషనరీల ఉత్తరాలను పత్రికలలో అచ్చువేసేవారు. 1872లో మొదలై 1885 నుంచి ఎకోస్ ఆఫ్ సర్వీస్ అన్న పేరుతో వచ్చిన పత్రిక వాటిలో ముఖ్యమైనది. ఈ సహవాసాల పాత కాగితాలు చాలావరకు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. డెల్టాలో నూరేళ్ల పరిచర్య గురించి, అంటే 1836 నుంచి 1936 దాకా, బ్రామ్లీగారు రాసిన పుస్తకం 1937లో వచ్చింది. రిజిస్టర్లలో జారిపోయినవారు ఉత్తరాలలో దొరుకుతారు.

కాటన్ దొరగారి సంగతి వేరు. పెద్దింటివాడు, పెద్ద ఉద్యోగి, పేరు ప్రతిచోటా ఉంటుంది. అయినా ఆయనను వెదికేవారు కూడా రెండుచోట్ల తడబడతారు. ఒకటి, ఆయన వంశం చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్‌లది కదా అని అక్కడి పుస్తకాలు తిప్పుతారు. ఆయన పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో. మన ఇంటిపేర్లు చూసి ఆ పేరుగల ఊళ్లోనే తాత పుట్టాడనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రెండు, పెళ్లి. గోదావరి ఇంజినీరు కనుక మద్రాసులోనో ఇంగ్లండులోనో చేసుకుని ఉంటాడనుకుంటారు. ఆరోగ్యం చెడి సెలవుమీద టాస్మానియా వెళ్లినప్పుడు అక్కడ 1841లో పెళ్లి చేసుకున్నాడు. ఆయన కుమార్తె ఎలిజబెత్ 1842 డిసెంబరులో టాస్మానియాలోనే పుట్టింది. తరువాత లేడీ హోప్ అన్న పేరుతో సువార్త పనిలో ప్రసిద్ధురాలై, 1900లో తండ్రి జీవితచరిత్ర ప్రచురించింది ఆమే. 1841 ఇంగ్లండు జనాభా లెక్కలో ఈ కుటుంబం కోసం వెదికితే ఏమీ దొరకదు. మనిషి కనబడకపోతే లేడని కాదు, ఆ రోజు ఎక్కడున్నాడో ముందు తెలుసుకోవాలి.

ఇక మొదటి ప్రశ్నకు, మామ్మ చెప్పిన దొరగారికి వద్దాం. ఇక్కడి పుస్తకాలు వేరు. మద్రాసు రాజధానిలోని ఆంగ్లికన్ గుడులలో రాసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలకు నకళ్లు తీసి లండన్‌కు పంపేవారు. 1698 నుంచి స్వాతంత్ర్యకాలం దాకా ఆ నకళ్లు ఉన్నాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి సూచిక ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా చూడవచ్చు. ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టి పుటల బొమ్మలే చూడవచ్చు. బ్రిటిష్ ఇండియా కుటుంబాల కోసమే పనిచేసే ఫిబిస్ అనే సంఘం సమాధి రాళ్లమీది రాతలను కూడా పోగుచేసింది. మళ్లీ గమనించండి, ఇక్కడా మనకు దొరికేది రెండో ప్రతే. ధవళేశ్వరంలోనో సామర్లకోటలోనో రాసిన మొదటి పుస్తకం ఉన్నా లేకపోయినా లండన్‌లో నకలు ఉంది.

ఈ నకళ్లు తిప్పినవారికి ఒక సంగతి కనిపిస్తుంది. అది మనసుకు కష్టం కలిగిస్తుంది. దొరగారికి పెళ్లికాని సంబంధంలో పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినచోట, తండ్రి పేరు ఉండవచ్చు, ఆయన రెజిమెంటు ఉండవచ్చు, హోదా ఉండవచ్చు. తల్లి దగ్గర ఎన్నోసార్లు "ఈ దేశపు స్త్రీ" అన్న అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటలే ఉంటాయి. ఒక్కోసారి అదీ లేదు, ఆ గడి ఖాళీ. ఇంకొన్నిచోట్ల ఆమెకు కొత్తగా పెట్టిన ఇంగ్లీషు పేరు మాత్రం రాస్తారు. ఆమె ఊరు, ఆమె తండ్రి, ఆమె అసలు పేరు రాయరు. దొరగారి వంశం వెదకబోయినవారు ఆయన ముత్తాతవరకు వెళ్లగలుగుతారు. ఆ బిడ్డను కని, పెంచి, మన ఊళ్లలో మిగిలిపోయిన ఆమె దగ్గర మాత్రం ఒక మెట్టు కూడా వెనక్కి వెళ్లలేరు. మా వంశంలో దొర ఉన్నాడని పొంగిపోతూ అడిగేవారికి ఈ మాట చెప్పినప్పుడు చాలామంది కాసేపు మాట్లాడరు.

ఇంకో జాగ్రత్త. మిషనరీలమీద గౌరవంతో వారి పేర్లు పిల్లలకు పెట్టుకోవడం మన సంఘాలలో పాత అలవాటు. రిజిస్టరులో ఇంగ్లీషు పేరు కనబడినంతమాత్రాన రక్తసంబంధం అనుకోకూడదు. ఈమధ్య ఉమ్మి పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటున్నారు. దాని వల్ల దూరపు చుట్టాలు తేలవచ్చు. పేరు, ఊరు, సంవత్సరం మాత్రం కాగితమే చెప్పాలి.

మరి మన సొంత పెద్దల మాటేమిటి? ఇంగ్లండువారిలాగా మనం జనాభా లెక్కలో తాతగారి పేరు చూడలేమా అని అడుగుతారు. చూడలేము. మద్రాసు రాజధానిలో 1871లోను, తరువాత 1881 నుంచి పదేళ్లకోసారీ లెక్కలు తీశారు. కాని ఇంటింటి ఫారాలను అంకెలు వేసుకున్నాక దాచలేదు. ఊరికి ఎంతమంది, ఏ మతంవారు ఎందరు అన్న పట్టికలే మిగిలాయి. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇప్పటి ఫారాలు కూడా ఎవరూ చూడడానికి వీల్లేదు. 1899 మద్రాసు చట్టం కింద గ్రామ మునసబు రాసిన జనన మరణ పుస్తకాలు ఉన్నాయి. కాని పుట్టుకల పుటలో బిడ్డకు పేరు ఉండకపోవచ్చు, "మగ" అనో "ఆడ" అనో రాసి తండ్రి పేరు వేసి వదిలేస్తారు. భూమి ఉన్న కుటుంబాలకు సెటిల్‌మెంటు రికార్డులు, అడంగళ్లు ఉన్నాయి. మన సంఘాలలో ఎక్కువమంది పెద్దలు కూలికి వెళ్లినవారు, సెంటు భూమి లేనివారు. వారి పేరు అడంగల్‌లో ఎలా వస్తుంది? బడి రిజిస్టరులో ఉంటుందా అంటే, చర్చిలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్నో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత దానికి ఇంకో కారణం చేరింది. అది అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

కాబట్టి భూమిలేని, చదువులేని ఆ పెద్దలకు, ముఖ్యంగా స్త్రీలకు, పేరుపేరునా రాసిన పుస్తకం ఒకటే ఉంది: సంఘపు బాప్తిస్మ రిజిస్టరు. దానికి రెండో ప్రతి ఉందా? బిషప్‌లున్న సంఘాలలో కొంతవరకు పైకి లెక్కలు వెళ్లాయి. పెళ్లికైతే 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం ఉంది, నకళ్లు ప్రభుత్వ రిజిస్ట్రార్‌కు పంపాలి. కనుక పెళ్లి పుస్తకం పోయినా ఆశ ఉంది. కాని మన డెల్టాలో ఎక్కువగా ఉన్న సహవాసాలలో ఏ సంఘానికా సంఘమే స్వతంత్రం. పైన బిషప్ లేడు. బిషప్ లేడు కనుక బిషప్‌కు పంపే ప్రతీ లేదు. ఆ స్వాతంత్ర్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దానివల్ల రిజిస్టరు ఒకే బీరువాలో, ఒకే పెద్దమనిషి ఇంట్లో ఉండిపోయిందన్నది మాత్రం నిజం.

నేను చిన్నప్పుడు వెళ్లిన సంఘంలో అలాంటి పుస్తకం ఒకటి ఉండేది. గట్టి అట్ట, ఎర్ర గుడ్డ వీపు. వరద నీళ్లు వచ్చిన ఏడాది దాన్ని అటకమీద పెట్టారు. నీళ్లు పోయాయి. పుస్తకం సంగతి ఎవరికీ గుర్తులేదు. కొన్నేళ్ల తరువాత తీస్తే అట్టలు రెండూ బాగానే ఉన్నాయి, మధ్యలో చెదపురుగుల మట్టి. మా మామ్మ బాప్తిస్మం అందులోనే రాశారు. ఆవిడ ఏ సంవత్సరం బాప్తిస్మం తీసుకుందో ఇప్పుడు చెప్పగలిగేవారు లేరు. ఎవరినని అంటాం, ఆ ఇల్లు చూసుకునేవారిలో మేమూ ఉన్నాం.

ఇప్పుడు చేయవలసిన పనికి ఖర్చు లేదు. పాత రిజిస్టరు ఉన్న సంఘాలు ప్రతి పుటనూ పగటి వెలుతురులో, నీడ పడకుండా, సెల్‌ఫోనుతో ఫొటో తీయవచ్చు. మొదటి ఫొటోలో అట్ట, సంఘం పేరు, తేదీ రావాలి. చిరిగిన పుటలకు ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, కొన్నేళ్లకు ఆ టేపే సిరాను తినేస్తుంది. ఫొటోలు కనీసం రెండు ఇళ్లలో, రెండు ఊళ్లలో ఉండాలి. బతికున్నవారి వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. కొత్తగా రాసే రిజిస్టరులో తల్లి పేరుకు, తల్లి పుట్టింటి ఊరికి విడిగా గడులు గీయండి. బడి పేరు వేరే ఉంటే దానికీ ఒక గడి ఉండాలి.

రిజిస్టరే లేనిచోట ముసలివారిని అడగాలి. దొరగారి కొడుకు సంగతి అడిగినాయనను మొన్న మళ్లీ కలిశాను. "దొరగారిని తరవాత వెదుకుదామండి. ఆ బిడ్డ తల్లి పేరేమిటి?" అన్నాను. తెలియదన్నాడు. అక్కడే నిలబడి మామ్మకు ఫోను చేశాడు. ఆవిడకు తొంభై దగ్గర పడుతోంది, వినికిడి తక్కువ. మూడుసార్లు గట్టిగా అడగాల్సి వచ్చింది. నాలుగోసారి అవసరం లేకపోయింది. ఆవిడ ఆ పేరు చెప్పింది, ఆమె పుట్టింటి ఊరు కూడా చెప్పింది, "దాని పేరు ఎవరూ అడగలేదురా ఇన్నాళ్లూ" అంది. చెప్పినవారి వయసు, చెప్పిన తేదీ వేసి, ఆ పేరు ఇప్పుడు రెండు పుస్తకాలలో రాసి ఉంది.